ఆటవిడుపు: రిలీవర్ వచ్చిన తరువాతనే ఆట

క్రీడాభిమానికి సంవత్సరంలోకెల్లా రద్దీగా ఉండే శని, ఆదివారాలు ఏవని ఎవరైనా అడిగితే, అక్టోబరు ఆఖరులో, నవంబరు ఆరంభంలో వచ్చేవని సందేహం లేకుండా చెప్పవచ్చు. దీపావళి కూడా ఆ పరిసరాలలోనే వస్తుంది. అప్పటికి ఇంగ్లండులో ఫుట్‌బాల్ లీగు పూర్తి వేగం అందుకుంటుంది. మన దేశంలో క్రికెట్ ఋతువు ప్రారంభమవుతుంది. అమెరికాలో ఆరునెలలకు పైగా సాగిన బేస్‌బాల్ పోటీలు తుది ఘట్టానికి చేరుకుంటాయి. ఈ మూడూ మూడు ఖండాలలో, మూడు వేర్వేరు గడియారాల ప్రకారం జరుగుతాయి. చూసే మనకు మాత్రం ఉన్నది ఒకే గడియారం, ఒకే దేహం, ఒకే షిఫ్టు రోస్టరు. రాబోయే అటువంటి శని, ఆదివారాలను దృష్టిలో పెట్టుకొని ఈసారి శీర్షికలో నాలుగు మాటలు మనవి చేస్తాను.

బేస్‌బాల్ ప్రసక్తి ఇక్కడ ఎందుకని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. మన కాలనీలో అనేక కుటుంబాల పిల్లలు అమెరికాలో చదువులకో, ఉద్యోగాలకో వెళ్లినవారే. వారు ఫోనులో మాట్లాడేటప్పుడు వాతావరణం, వంట, వీసా అయిన తరువాత ఈ ఆట మాట ఎత్తుతారు. తల్లిదండ్రులకు అది అర్థం కాదు. అందువల్ల ముందుగా ఆట స్వరూపం క్లుప్తంగా చెప్పుకుందాం.

మన బిళ్లంగోడు, క్రికెట్ తెలిసినవారికి బేస్‌బాల్ కొత్త వింత కాదు. జట్టుకు తొమ్మిదిమంది. బంతి విసిరేవాడిని పిచ్చర్ అంటారు. అతడు 60 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి, బంతి నేలను తాకకుండా విసురుతాడు. కొట్టేవాడు మూడు అవకాశాలు వృథా చేసుకుంటే ఔటు. ముగ్గురు ఔటయితే ఆ జట్టు వంతు ముగుస్తుంది. బంతిని కొట్టినవాడు 90 అడుగుల చొప్పున నాలుగు వైపులు ఉన్న చతురస్రాన్ని చుట్టి వస్తే ఒక పరుగు. ఈ విధంగా తొమ్మిది ఇన్నింగ్స్ సాగుతాయి. ఛాంపియన్‌షిప్ పోటీలో పరుగులు సమానమైతే ఆట డ్రా కాదు. ఎవరో ఒకరు నెగ్గేవరకు అదనపు ఇన్నింగ్స్ ఆడవలసిందే. షట్‌డౌన్ పనివలె ఇది కూడా ఎప్పుడు మొదలవుతుందో తెలుస్తుంది కాని ఎప్పుడు ముగుస్తుందో తెలియదు. 1903లో ప్రారంభమైన వరల్డ్ సిరీస్ అనే తుది పోటీలో, ఏడు ఆటలలో ముందుగా నాలుగు గెలిచిన జట్టు విజేత.

ఇక రద్దీ మాట. 2025 నవంబరు 1, 2 తేదీలను ఉదాహరణగా తీసుకుందాం. శనివారం రాత్రి మన కాలం ప్రకారం 8.30కు ఆర్సెనల్ జట్టు బర్న్‌లీ మైదానంలో ఆడి 2-0తో గెలిచింది. అర్ధరాత్రి దాటి 1.30కు లివర్‌పూల్, ఆస్టన్ విల్లా తలపడ్డాయి. లివర్‌పూల్ 2-0తో గెలిచి ముగించేసరికి తెల్లవారుజాము 3.30 కావచ్చింది. కన్ను మూతపడేలోగా 5.30కు టొరంటోలో వరల్డ్ సిరీస్ ఏడవ ఆట ఆరంభమైంది. అది తొమ్మిది ఇన్నింగ్స్‌తో తేలక, 11వ ఇన్నింగ్స్‌లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ 5-4తో బ్లూ జేస్‌పై నెగ్గారు. మధ్యాహ్నం హోబర్ట్‌లో మన పురుషుల జట్టు ఆస్ట్రేలియాపై ట్వంటీ-20 ఆడి గెలిచింది. ఆ వెంటనే నవీ ముంబయిలో మహిళల ప్రపంచకప్ ఫైనల్. వర్షం వల్ల అది రెండు గంటలు ఆలస్యంగా మొదలై అర్ధరాత్రి ప్రాంతంలో ముగిసింది. శనివారం రాత్రి భోజనాల వేళకు టీవీ ముందు కూర్చున్నవాడు లేవాలంటే సోమవారం రావలసిందే.

ఇటువంటి వారాంతం చూసి సంతోషించని అభిమాని ఉండడు. అయితే మనది శని, ఆదివారాలు మూసివేసే కార్యాలయం కాదు. సముద్రగర్భంలో రెండు వందల కిలోమీటర్లకు పైబడిన గొట్టాల గుండా బసైన్ క్షేత్రపు వాయువు హజీరా తీరానికి చేరుతూనే ఉంటుంది. దానిలోని విషవాయువును తొలగించి, నీటిని, ద్రవాలను వేరుచేసి, ఉత్తర భారతం వైపు సాగే పైపులైనులోకి పంపడం ఫైనల్ ఉన్నదని ఆగదు. స్టేడియంలో దీపాలు వెలుగుతున్నా, ఎరువుల కర్మాగారాలు నడుస్తున్నా, అందుకు కారకులైనవారిలో ఆ రాత్రి ఆట చూడలేకపోయిన ఆపరేటరు ఒకడు.

అందువల్ల మన ప్రశ్న ఏ ఆట చూడాలన్నది కాదు. ఎవరు చూస్తారు, ఎవరు ప్యానెల్ దగ్గర కూర్చుంటారు అన్నది. దీనికి సమాధానం చిత్రంగా బేస్‌బాల్‌లోనే దొరుకుతుంది.

ఆ ఆటలో మొదటి పిచ్చర్ చేయి అలసినప్పుడు అతని స్థానంలో వచ్చేవాడిని మన ప్లాంటులో పిలిచినట్లే రిలీవర్ అని పిలుస్తారు. రిలీవర్లు మైదానం అంచున బుల్‌పెన్ అనే ఆవరణలో కూర్చొని ఉంటారు. పిలుపు రావచ్చు, రాకపోవచ్చు. వస్తే మాత్రం చేయి సిద్ధంగా ఉండాలి. అదే 2025 పోటీలలో అక్టోబరు 27న లాస్ ఏంజెలెస్‌లో జరిగిన మూడవ ఆట 18 ఇన్నింగ్స్ సాగింది. మన లెక్కన 28వ తేదీ మంగళవారం ఉదయం మొదటి షిఫ్టు వేళకు మొదలై, మధ్యాహ్నం 12 దాటిన తరువాత ముగిసింది. 6 గంటల 39 నిమిషాలు. డాడ్జర్స్ రిలీవర్లు వరుసగా వచ్చి వెళ్లగా, చివరకు మిగిలినది విల్ క్లైన్ అనే పెద్ద పేరు లేని రిలీవర్. అతడు 15వ ఇన్నింగ్స్ నుంచి 18వ దాకా నాలుగు ఇన్నింగ్స్, 72 బంతులు విసిరి, ప్రత్యర్థికి ఒక్క పరుగు ఇవ్వలేదు. అప్పుడు ఫ్రెడ్డీ ఫ్రీమన్ కొట్టిన హోమ్ రన్‌తో 6-5గా ఆట ముగిసింది. మరునాడు పత్రికలలో ఫ్రీమన్ బొమ్మ పెద్దదిగా వచ్చి ఉండవచ్చు. కాని క్లైన్ సిద్ధంగా లేకపోతే ఫ్రీమన్‌కు ఆ బంతి ఆడే అవకాశమే ఉండేది కాదు.

ఇదే జట్టులో యమమోటో అనే జపాను పిచ్చర్ కథ మరొకటి. అతడు ఆరవ ఆటలో 96 బంతులు విసిరి, మరునాడే ఏడవ ఆటలో తొమ్మిదవ ఇన్నింగ్స్‌లో మళ్లీ వచ్చి, ఆఖరు వరకు నిలిచి జట్టును గెలిపించాడు. సిరీస్‌లో ఉత్తమ ఆటగాడని పురస్కారం పొందాడు. అభిమానులు ఆ సాహసాన్ని వేనోళ్ల కొనియాడారు. మనం కూడా కొనియాడవచ్చు. అయితే కర్మాగారంలో దానిని ఆదర్శంగా తీసుకోరాదు. యమమోటోకు అది సిరీస్‌లో ఆఖరి ఆట, మరునాడు మళ్లీ బంతి విసరవలసిన పని లేదు. అతని బంతి గురి తప్పితే పోయేది ఒక పరుగు. రిలీవర్ రాక, డబుల్ డ్యూటీ చేస్తున్న ఆపరేటరు గురి తప్పితే పోయేది పరుగు కాదు.

ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు. 1979లో అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్, 1984లో మన భోపాల్, 1986లో చెర్నోబిల్ ప్రమాదాలు మూడూ అర్ధరాత్రికీ తెల్లవారుజాముకూ మధ్యనే జరిగాయి. వాటి కారణాలు వేర్వేరు, అనేకం. అయినా మనిషి చురుకుదనం అత్యంత తక్కువగా ఉండే గంటలు అవేనన్నది గమనించదగిన విషయం. 1997లో ఆస్ట్రేలియాకు చెందిన డాసన్, రీడ్ అనే శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధన ప్రకారం, ఏకధాటిగా 17 గంటలు మేలుకొన్నవాని పనితనం రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాని పనితనంతో సమానం. మన మోటారు వాహనాల చట్టం వాహనం నడిపేవానికి అనుమతించేది 0.03 శాతమే. శనివారం ఉదయం ఆరు గంటలకు లేచి, లివర్‌పూల్ ఆట పూర్తిగా చూసినవాడు 21 గంటలు మేలుకొని ఉంటాడు. ఒక చుక్క ముట్టని ఆ సజ్జనుడు మొదటి షిఫ్టు బస్సు ఎక్కితే, ఏ స్థితిలో ఎక్కుతున్నాడో ఈ లెక్కే చెబుతుంది.

మన వాయువు స్వభావం మరొక హెచ్చరిక. హైడ్రోజన్ సల్ఫైడు కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. సుమారు 100 పీపీఎం దాటితే ముక్కు ఆ వాసన పట్టే శక్తినే కోల్పోతుంది. ప్రమాదం పెరిగిన కొద్దీ హెచ్చరిక తగ్గుతుంది. అందుకే మనం ముక్కును కాక డిటెక్టరును నమ్ముతాం. నిద్రలేమి కూడా అటువంటిదే. నిద్ర తక్కువైన కొద్దీ తనకు నిద్ర తక్కువైనదని గుర్తించే శక్తి కూడా తగ్గుతుంది. దానికి డిటెక్టరు లేదు. పక్కనున్న సహోద్యోగి కన్నే డిటెక్టరు.

ఫుట్‌బాల్ వైపు చూసినా ఇదే పాఠం కనబడుతుంది. ప్రపంచకప్ ఫుట్‌బాల్‌లో 1970 వరకు ప్రత్యామ్నాయ ఆటగాడు అన్నమాట లేదు. గాయపడినవాడు కుంటుతూ ఆడేవాడు, లేదా పదిమందితో సరిపెట్టుకొనేవారు. మన హైదరాబాదు గర్వించదగిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారతజట్టును నాలుగవ స్థానానికి చేర్చారు. ఆయన శిక్షణలోని హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడలలో రక్షణ పంక్తికి చెందిన జర్నైల్ సింగ్ తలకు గాయమైంది. వెనుక నిలబెట్టడం శ్రేయస్కరం కాదని రహీం అతనిని ముందువరుసకు మార్చారు. దక్షిణ కొరియాపై ఫైనల్‌లో అతడే ఒక గోలు చేశాడు. భారత్ 2-1తో స్వర్ణపతకం గెలిచింది. క్యాన్సరుతో బాధపడుతూనే ఆ జట్టును నడిపిన రహీం మరుసటి సంవత్సరం కన్నుమూశారు. మనుషులు తక్కువైనప్పుడు ఎవరిని ఎక్కడ ఉంచాలో తెలియడం గొప్ప షిఫ్టు ఇన్‌ఛార్జి లక్షణం. ఈ దృష్టితో చూస్తే రహీం మన వృత్తికి కూడా గురువే.

క్రికెట్‌లో రిలీవర్ కథ మనకు మరీ దగ్గరిది. 2019 సెప్టెంబరు 24, మంగళవారం. సూరత్ లాల్‌భాయి కాంట్రాక్టర్ స్టేడియంలో మన మహిళల జట్టు దక్షిణాఫ్రికాతో ట్వంటీ-20 ఆడింది. ఆ రోజు 15 ఏళ్ల షెఫాలీ వర్మ అంతర్జాతీయ క్రికెట్‌లో తొలిసారి బ్యాటు పట్టి, పరుగేమీ చేయకుండానే ఔటయింది. ఆరేళ్ల తరువాత 2025 ప్రపంచకప్ జట్టులో ఆమెకు చోటు దక్కలేదు. దేశవాళీ పోటీలలో ఆడుకుంటున్నది. సెమీఫైనల్‌కు ముందు ప్రతీకా రావల్ గాయపడడంతో పిలుపు వచ్చింది. ఫైనల్‌లో అదే దక్షిణాఫ్రికాపై 87 పరుగులు, రెండు వికెట్లు. భారత్ 298 పరుగులు చేసి, ప్రత్యర్థిని 246కు ఆపి, 52 పరుగులతో తొలిసారి కప్పు గెలిచింది. ఉత్తమ క్రీడాకారిణి షెఫాలీ. పిలుపు రాని రోజులలో సాధన మానని రిలీవర్‌కు ఇంతకంటె మంచి నిదర్శనం ఏమి కావాలి!

అదే జట్టులో తెలుగువారి ఆడపడుచు, కడప జిల్లాకు చెందిన శ్రీచరణి ఎడమచేతి స్పిన్‌తో ఆ పోటీలలో 14 వికెట్లు తీసింది. ఆమె తండ్రి రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఉద్యోగి. అంటే మనవంటి షిఫ్టుల లోకం నుంచి, మనవంటి కర్మాగారపు పరిసరాల నుంచి వచ్చిన బిడ్డ. ఈ ఒక్క విషయం మన కాలనీ ఆటస్థలాన్ని కొత్త కన్నుతో చూడమంటున్నది.

ఇక రాబోయే శని, ఆదివారాలకు మనం ఏ ఏర్పాట్లు చేసుకోవాలి? కొన్ని సూచనలు.

ఒకటి, ఏ ఆట చూడాలో ముందే నిర్ణయించుకోవాలి. అన్నీ చూడాలనుకున్నవాడు ఏదీ సరిగా చూడడు. రాత్రి 8.30 ఆట చూసినవాడు 1.30 ఆటను వదలాలి. బేస్‌బాల్ కోరేవాడు శనివారం త్వరగా పడుకొని, ఆదివారం తెల్లవారుజామున కాఫీతో పాటు కూర్చోవచ్చు. అమెరికాలో ఉన్న పిల్లలతో ఫోనులో మాట్లాడుతూ ఒకే ఆటను రెండు దేశాలలో చూడడంలో ఉన్న ఆనందం వేరు.

రెండు, మ్యూచువల్ మార్చుకోదలచినవారు ఆదివారం సాయంత్రం గేటు దగ్గర కాక, నాలుగు రోజుల ముందే ఇన్‌ఛార్జికి చెప్పి, రోస్టరులో వ్రాయించుకోవాలి. ఆటపై ఆసక్తి లేని సోదరులు ప్రతి షిఫ్టులోనూ ఉంటారు. వారు ఫైనల్ నాడు మన డ్యూటీ చేస్తే, వారి ఇంటి వ్రతానికో, పిల్లల పరీక్షకో మనం వారి డ్యూటీ చేయాలి. ప్రతిసారీ ఒకరే త్యాగమూర్తి కాకూడదు. సంక్రాంతికి ఊరు వెళ్లలేనివాడు, ఫైనల్ చూడలేనివాడు ఒకడే అయితే ఆ రోస్టరును సరిచేయవలసిందే.

మూడు, ఎంత రసవత్తరమైన ఓవరు సాగుతున్నా, రిలీవర్ బస్సు తప్పరాదు. మనం ఆలస్యం చేసిన ప్రతి పది నిమిషాలూ అక్కడ ఎనిమిది గంటలు నిలబడినవాని నుంచి తీసుకొన్నవి. వచ్చిన తరువాత స్కోరు చెప్పుకోవడం సహజం. అయితే ముందు లాగ్ బుక్, ఏ పంపు ఆపారు, ఏ వాల్వు పని జరుగుతున్నది, ఏ అలారం తరచు వస్తున్నది అన్న అప్పగింతలు. స్కోరు ఆ తరువాత. సెల్‌ఫోను గేటులోనే ఉండాలన్న నియమానికి ఫైనల్ మినహాయింపు కాదు.

నాలుగవది ఇంటికి సంబంధించినది. కర్మాగారంలో రిలీవర్ లేని ప్యానెల్ ఉండదు. ఇంట్లో మాత్రం ఉన్నది. అది వంటగది. ఆట చూడడానికి మిత్రులు ఆరుగురు వస్తే, టీలు, పకోడీలు అందించే గృహిణికి రిలీవర్ ఎవరు? మహిళల ప్రపంచకప్ ఫైనల్‌ను కూడా వంటగది గుమ్మంలో నిలబడి సగం సగం చూసిన ఇల్లాళ్లు ఎందరో ఉంటారు. రాబోయే ఆదివారం పగటి డ్యూటీ లేని ప్రతి పురుషుడూ ఒక షిఫ్టు వంటగదిలో రిలీవర్‌గా నిలవాలని ఈ శీర్షిక తరఫున మనవి. పప్పు మాడినా ఫరవాలేదు, ఆమె ఒక ఆట మొదటి బంతి నుంచి ఆఖరు బంతి వరకు కూర్చొని చూడగలగాలి.

ఐదవది పిల్లల మాట. శనివారం ఉదయం మన మైదానంలో పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతుంటారు. గోలుకు చెప్పులే హద్దులు, రిఫరీ ఉండడు, చూసేవారు అంతకంటె ఉండరు. వేల మైళ్ల దూరంలోని జట్టు కోసం నిద్ర మానుకొనే మనం, గుమ్మం ముందు ఆడే మన పిల్ల ఆట చూడడానికి అరగంట వెచ్చించలేమా? నిజామాబాదు జిల్లా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత మహిళల ఫుట్‌బాల్ జట్టులో ఆడుతున్నదంటే, ఆమె ఆటను తొలి రోజులలో గమనించిన కన్ను ఒకటి ఉండే ఉంటుంది. ఈసారి శనివారం జనరల్ షిఫ్టువారు, సెలవు ఉన్నవారు మైదానానికి రండి. ఆ ఆటకు నిద్ర మానుకోనక్కరలేదు. ఉదయపు నడకే చాలు.

మన కాలనీకి ఆవల సూరత్ నగరంలో వేలాది తెలుగు కుటుంబాలున్నాయి. వరంగల్లు, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుంచి తరాల క్రితం వచ్చి మగ్గాలపై బ్రతుకుతున్నవారు వారు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు కూడా నడుపుతున్నది. పవర్‌లూముపై పన్నెండు గంటల షిఫ్టు చేసే ఆ సోదరునికి వీక్లీ ఆఫ్, కాంప్ ఆఫ్, మ్యూచువల్ అన్న మాటలే అరుదు. సాంచాల చప్పుడులో స్కోరు వినడానికి కూడా వీలుండదు. మనకు ఉన్న రోస్టరు ఎంత విలువైనదో, దానిని ఎంత న్యాయంగా పంచుకోవాలో గుర్తుచేయడానికి ఈ ఒక్క పోలిక చాలు.

ఆట చూడవద్దని చెప్పే శీర్షిక కాదిది. ఎనిమిది గంటలు యంత్రాల నడుమ నిలిచిన మనసుకు ఆట అవసరం. పక్కింటివారితో కలిసి కేకలు వేయడమూ అవసరమే. కాని నిశ్చింతగా చూసిన ఆటే ఆట. మన స్థానంలో ఒకడు మేలుకొని ఉన్నాడని, అతడు విశ్రాంతి తీసుకొనే వచ్చాడని, మన వంతు వచ్చినప్పుడు మనమూ అలాగే వెళతామని తెలిసినప్పుడే ఆ నిశ్చింత కలుగుతుంది. పాఠక మిత్రులందరికీ రాబోయే శని, ఆదివారాలలో మంచి ఆటలు, తగినంత నిద్ర, వేళకు వచ్చే రిలీవర్ లభించాలని కోరుకుంటున్నాను.